పాత బైకులో బ్యాటరీ ఎందుకు నిలవదు? చార్జింగ్ వెనక ఉన్న లెక్క

కొత్త బ్యాటరీ వేయించి మూడు నెలలు కాలేదు. పొద్దున సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. కిక్ కొడితే బండి స్టార్టవుతుంది. సాయంత్రం ఇండికేటర్ వేస్తే కొట్టుకోకుండా వెలిగి అలాగే ఉండిపోతుంది, హారన్ గొంతు పూడుకుపోతుంది. బ్యాటరీ షాపులో అడిగితే ‘మీ బండిలో చార్జింగ్ లేదు’ అంటారు. మెకానిక్ ‘బ్యాటరీయే బాగోలేదు’ అంటాడు. మధ్యలో ఇంకెవరో ‘మ్యాగ్నెట్ పవర్ తగ్గింది’ అని మూడో మాట వేస్తారు.

ముగ్గురూ చెప్పేది జరిగే పనే. అందుకే ఇది తికమక పెడుతుంది. చార్జింగ్ అనేది ఒక పార్టు పని కాదు, నాలుగు భాగాలు గొలుసుగా చేసే పని. ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఒక్కటే, బ్యాటరీ దిగిపోవడం. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్ఎక్స్ 100లు, పాత బుల్లెట్లు, తొలితరం స్ప్లెండర్లు ఇప్పుడు మళ్లీ రంగులు వేసుకుని రోడ్డెక్కుతున్నాయి. వాటికి ఎల్ఈడీ లైట్లు, ఫోన్ చార్జరు, జీపీఎస్ ట్రాకరు కూడా తగిలిస్తున్నారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బైకులు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఏర్పాటుతో రావడం చూసి, పాతవాటికీ అలాగే కనెక్షన్ ఇప్పించేవాళ్లున్నారు. ఆ కాలపు కాయిల్‌కు ఈ లోడు లెక్కలో లేదు.

గొలుసులోని నాలుగు లింకులు

మొదటిది మ్యాగ్నెట్. ఇంజిన్ పక్క కవరు లోపల క్రాంకుతోపాటు తిరిగే చక్రానికి లోపలివైపు అయస్కాంతాలుంటాయి. రెండోది, ఆ అయస్కాంతాల మధ్య కదలకుండా కూర్చునే కాయిల్ ప్లేటు, అంటే స్టేటర్. చక్రం తిరిగితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. అది ఏసీ, దిశ మారుతూ ఉండే కరెంటు. ఇంజిన్ స్పీడు పెరిగేకొద్దీ దాని వోల్టేజీ కూడా పెరుగుతూ పోతుంది. విప్పి కొలిస్తే 50 వోల్టులు దాటడం మామూలే.

దాన్ని నేరుగా బ్యాటరీకి ఇవ్వలేం. మూడో లింకు ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్), షాపుల్లో రెక్టిఫైయర్ అని అడిగే ఫిన్నుల అల్యూమినియం డబ్బా. దానికి రెండు పనులు: ఏసీని డీసీగా మార్చడం, వోల్టేజీ హద్దు దాటకుండా కాయడం. నాలుగోది బ్యాటరీ.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. నిండుగా ఉండి కాసేపు విశ్రాంతి తీసుకున్న బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం. 11.9 అంటే ఖాళీ అయినట్టే. ఇందులోకి కరెంటు నెట్టాలంటే బయటి వోల్టేజీ అంతకన్నా పైన ఉండాలి, నేల మీది సంపు నుంచి ట్యాంకులోకి నీళ్లెక్కాలంటే మోటారు ఒత్తిడి కావాలి కదా, అలాగన్నమాట. అందుకే బండి రేజ్ చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.8 మధ్య కనిపించాలి. 15 దాటితే బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి, యాసిడ్ వాసన వస్తుంది, డబ్బా ఉబ్బుతుంది.

అన్ని బండ్లకూ ఒకే వైరింగు కాదు

ఇంటర్నెట్‌లో చూసిన టెస్టు తమ బండికి నప్పక చాలామంది మంచి పార్టును పారేస్తారు. ముందు మన బండి ఏ జాతిదో తెలియాలి.

స్ప్లెండర్, సీడీ 100 లాంటి పాత కిక్ బండ్లలో కాయిల్ ఒకవైపు బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. అందులోంచి తెల్ల వైరు బ్యాటరీ చార్జింగుకు, పసుపు వైరు హెడ్‌లైటుకు వస్తాయి. ఆర్‌ఆర్ యూనిట్‌కు నాలుగు పిన్నులు: తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఎరుపు బ్యాటరీ ప్లస్, ఆకుపచ్చ ఎర్త్. ఏసీ తరంగంలో ఒక సగం బ్యాటరీకి వెళ్తుంది, ఇంకో సగం లైటు అవసరానికి. హెడ్‌లైటు ఇంజిన్ నడుస్తుంటేనే వెలుగుతుంది, రేజ్ చేస్తే వెలుతురు పెరుగుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా హెడ్‌లైటు బాగానే ఉంటుంది. ‘లైటు బ్రహ్మాండంగా ఉంది కాబట్టి చార్జింగ్ ఉంది’ అనుకోవడం ఈ బండ్ల మీద జరిగే మొదటి పొరపాటు.

తర్వాతి తరం పెద్ద బండ్లలో స్టేటర్ నుంచి ఒకే రంగువి మూడు వైర్లు, ఎక్కువగా పసుపువి, వస్తాయి. ఇది త్రీ ఫేజ్, అంటే మూడు కాయిళ్లలో వంతులవారీగా కరెంటు పుట్టే పద్ధతి. మూడింట్లో ఏదీ ఎర్త్‌కు తగలకూడదు. లైట్లతో సహా అన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి.

ఈ తేడాలోనే ఓ చిక్కుంది. మీటరుతో కాయిల్ వైరుకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటుకు తెగని దారి) వచ్చిందనుకోండి. త్రీ ఫేజ్ బండిలో అది కాయిల్ కాలినట్టు గుర్తు. పాత స్ప్లెండర్‌లో అది ఉండాల్సిన పద్ధతే. ఒకే రీడింగు, రెండు తీర్పులు.

పాయింట్లతో (ఇగ్నిషన్ కరెంటును కలుపుతూ తెంచే స్విచ్చితో) నడిచే పాత బుల్లెట్ది మరో దారి. దాని ఇగ్నిషన్ బ్యాటరీ మీద ఆధారపడుతుంది కాబట్టి చార్జింగ్ పోతే కొంతసేపటికి ఇంజినే ఆగిపోతుంది. ఇంకా వెనక్కి వెళ్తే 6 వోల్టుల జావా, యెజ్డీల్లో డైనమో ఉంటుంది. అందులో శాశ్వత అయస్కాంతం లేదు. ఫీల్డ్ కాయిల్ చుట్టిన ఇనుములో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంత శక్తితోనే అది పని మొదలుపెడుతుంది. బ్రిటిష్ డిజైను పాత బండ్లలో కొన్నింటికి ప్లస్సే ఎర్త్. బ్యాటరీ తగిలించే ముందు బాడీకి ఏ వైరు వెళ్తుందో చూడకపోతే ఉన్న రెక్టిఫైయర్ కూడా పోతుంది.

మూడు అంకెలు, అయిదు కథలు

సాధారణ డిజిటల్ మల్టీమీటరు చాలు. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, బ్యాటరీ టెర్మినళ్ల మీద నేరుగా మూడుసార్లు కొలవాలి: ఇంజిన్ ఆపి, ఐడిల్‌లో, 4,000–5,000 ఆర్‌పీఎం దగ్గర. టాకోమీటరు లేని బండికి ఇది న్యూట్రల్‌లో గట్టిగా, కానీ అరవకుండా రేజ్ చేసిన స్థాయి.

12.6, 13.4, 14.3 వస్తే చార్జింగ్ బాగుంది. బ్యాటరీ అయినా దిగిపోతుంటే నిలబడి ఉన్నప్పుడు కరెంటు ఎక్కడికో పోతోంది, లేదా బ్యాటరీ పట్టుకోలేకపోతోంది.

12.3, 12.2, 12.1 వస్తే పైసా చార్జింగ్ రావట్లేదు. కాయిల్, ఆర్‌ఆర్, మధ్య వైరు, ఫ్యూజు, ఈ నాలుగింట్లో ఒకటి తెగింది.

12.4, 12.6, 13.1 అంటే కరెంటు పుడుతోంది కానీ దారిలో నష్టపోతోంది, లేదా మూడు ఫేజుల్లో ఒకటి రావట్లేదు, లేదా లోడు ఎక్కువైంది. అందరినీ ఎక్కువ రోజులు తిప్పేది ఇదే, ఎందుకంటే బండి సగం బాగానే నడుస్తుంది.

12.7, 13.6, 15.9 అంటే ఆర్‌ఆర్ కాపలా కాయట్లేదు. యూనిట్ పోయి ఉండొచ్చు, దాని ఎర్త్ ఊడి ఉండొచ్చు.

అయిదోది మోసగాడు. 12.6 చూపిస్తుంది, స్టార్ట్ చేయగానే 14.5కి ఎగబాకుతుంది, చూసినవాళ్లు ‘చార్జింగ్ సూపర్’ అంటారు. సెల్ఫ్ నొక్కితే 8కి పడిపోతుంది. లోపల పలకల మీద సీసం సల్ఫేటు గట్టిపడిన బ్యాటరీ ఇది. కరెంటును లోపలికి తీసుకోదు కాబట్టి వోల్టేజీ వెంటనే పైకెక్కుతుంది, ఇవ్వలేదు కాబట్టి వెంటనే పడిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కన్నా కిందికి పోయే బ్యాటరీని, విశ్రాంతిలో ఎంత చూపించినా, నమ్మకూడదు. ఎంత చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే లెక్క ఇంకా సులువు: ఆరు సెల్లుల్లో ఒకటి షార్టయింది.

మూడు నెలల్లోనే బ్యాటరీ పోయిందన్న ఫిర్యాదుల్లో కొన్ని షాపు దగ్గరే మొదలవుతాయి. యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ పోసి, నానకముందే బండికి బిగించేస్తే అది పూర్తి సామర్థ్యానికి రాదు. నింపాక కాసేపు వదిలి, సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్‌తో, నెమ్మదిగా తొలి చార్జింగ్ ఇవ్వాలి. కారు చార్జరుకు అయిదు నిమిషాలు తగిలించి ఇవ్వడం చార్జింగ్ కిందికి రాదు. తర్వాత తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే, యాసిడ్ కాదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి.

నిలబడ్డ బండిలో లీకేజీ

రాత్రి 12.6 ఉన్న బ్యాటరీ నాలుగు రోజులు కదపకపోతే 12.1 చూపిస్తే, ఇంజిన్ వైపు వెతకడం దండగ. తాళం ఆపి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కలిపితే పారుతున్న కరెంటు కనిపిస్తుంది. మీటరు అలా ఉండగా తాళం తిప్పితే, పొరపాటున సెల్ఫ్ నొక్కితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఏ అదనపు వస్తువులూ లేని పాత బండిలో ఇది దాదాపు సున్నా. ఒక జీపీఎస్ ట్రాకరు 30 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుందాం. చిన్న అంకెలా ఉంది కదా. 24 గంటలకు 720 మిల్లీఆంపియర్ అవర్లు. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఏడు రోజుల్లో ఖాళీ, మూడున్నర రోజుల్లో సగం. 2.5 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ ఉన్న కిక్ బండిలో సగం కావడానికి రెండు రోజులు కూడా పట్టదు. వాడకం రోజూ ఉన్నప్పుడు ఈ లీకేజీ బయటపడదు. పండక్కి ఊరెళ్లి వచ్చాకే తెలుస్తుంది.

ట్రాకరు, అలారం లేకుండానే కరెంటు పారుతుంటే ఆర్‌ఆర్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఒకసారి లాగి చూడాలి. లాగగానే సున్నా అయితే లోపల డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) వెనక్కి కరెంటు వదులుతోంది. అది కాకపోతే ఫ్యూజు, తాళం స్విచ్చి, హారన్ వైర్లు ఒక్కొక్కటే విప్పుతూ ఎక్కడ అంకె పడిపోతుందో చూడటమే.

ఇక ‘సెల్ఫ్ ఎక్కువ వాడితే బ్యాటరీ పోతుంది’ అన్న మాట. లెక్క వేద్దాం. సెల్ఫ్ సుమారు 60 ఆంపియర్లు లాగుతూ 2 సెకన్లు తిరిగితే 120 ఆంపియర్ సెకన్లు, అంటే 0.033 ఆంపియర్ అవర్. ఒక ఆంపియర్‌తో చార్జ్ అయితే రెండు మూడు నిమిషాల్లో తిరిగొస్తుంది. అదే స్టార్ట్ కాని బండి మీద మూడేసి సెకన్లు పదిసార్లు నొక్కితే అర ఆంపియర్ అవర్, చిన్న బ్యాటరీలో పదో వంతు పోయినట్టే. సెల్ఫ్ వాడటంలో తప్పులేదు, కార్బురేటర్ బాగోని బండి మీద సెల్ఫ్ వాడటంలోనే ఉంది.

దారిలో ఆవిరయ్యే వోల్టు

చార్జింగ్ ఫిర్యాదు రాగానే కాయిల్, ఆర్‌ఆర్ మార్చేసే అలవాటుకు అడ్డుపడాల్సింది ఇక్కడే. ముప్పై ఏళ్ల వైరింగులో రాగి నల్లబడుతుంది, పిన్నులు వదులవుతాయి, వాటర్ సర్వీసులో కప్లర్లలోకి నీళ్లు పోతాయి. పార్టులు రెండూ బాగుండి కూడా బ్యాటరీకి చేరేది తగ్గిపోతుంది.

దీన్ని ఓం రేంజిలో పట్టుకోలేం, కరెంటు పారుతుండగా కొలవాలి. ఇంజిన్ నడుస్తుండగా, సుమారు 4,000 ఆర్‌పీఎం దగ్గర, మీటరు ఒక కొన ఆర్‌ఆర్ ఎర్ర వైరు దగ్గర, మరో కొన బ్యాటరీ ప్లస్ దగ్గర పెడితే మధ్యలో పోతున్న వోల్టులు చూపిస్తుంది. 0.3 లోపుంటే సరే. అలాగే ఆర్‌ఆర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 దాటకూడదు.

ఒక ఉదాహరణ. ఆర్‌ఆర్ దగ్గర 14.3 వోల్టులు, బ్యాటరీ దగ్గర 13.2. మధ్యలో 1.1 పోయింది. కొలిస్తే ప్లస్ వైపు 0.8, ఎర్త్ వైపు 0.3 అని తేలింది. పారే కరెంటు 4 ఆంపియర్లయితే ప్లస్ వైపు అడ్డంకి 0.8ని 4తో భాగిస్తే 0.2 ఓం. అక్కడ పుట్టే వేడి 0.8 ఇంటూ 4, అంటే 3.2 వాట్లు. కందిపప్పు బద్దంత పిన్ను మీద, ప్లాస్టిక్ కప్లర్ లోపల అంత వేడి రోజూ పుడితే ఏమవుతుందో పాత బండి సీటు తీసినవాళ్లు చూసే ఉంటారు. తెల్ల కప్లర్ ఒక మూల గోధుమరంగు తిరిగి, పక్క వైరు తొడుగు పెళుసై గోరుతో గీకితే రాలిపోతుంది. మీటరు లేకపోయినా, పది నిమిషాలు నడిపి ఆపాక ఆ కప్లర్‌ను వేళ్లతో పట్టుకుంటే చుర్రుమనేది ఎక్కడో తెలిసిపోతుంది. కొత్త ఆర్‌ఆర్‌ను ఆ కాలిన కప్లర్‌లోనే గుచ్చితే దాని ఆయుష్షు కూడా అంతే. పిన్నులు కత్తిరించి కొత్తవి నొక్కించాలి. ఊరికే మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఆరు నెలల్లో మళ్లీ ఇదే స్థితికి వస్తుంది.

ఎర్త్ వైపు ఇంకో కొత్తరకం తప్పు పెరిగింది. రీస్టోరేషన్‌లో చాసిస్‌కు పౌడర్ కోటింగ్ వేయిస్తారు. చూడటానికి అద్దంలా ఉంటుంది. కానీ ఆ పూత కరెంటును అడ్డుకుంటుంది. ఆర్‌ఆర్ బిగించే చోట, ఎర్త్ బోల్టు కింద పూత గీకి ఇనుము బయటపెట్టకపోతే ఎర్త్ అందదు. స్ప్లెండర్ తరహా బండిలో ఆర్‌ఆర్ ఆకుపచ్చ వైరు ఊడితే లైటు వైపు అదుపు తప్పి హెడ్‌లైటు బల్బులు వరసపెట్టి పోతాయి. నెలలో మూడు బల్బులు మార్చిన బండికి నాలుగో బల్బు కన్నా ఆ ఒక్క వైరు ముఖ్యం. పూత గీకిన చోట బిగించాక తుప్పు పట్టకుండా కాస్త గ్రీజు రాస్తే సరిపోతుంది.

కాయిల్ పరీక్ష: సమానంగా ఉన్నాయా అన్నదే ప్రశ్న

త్రీ ఫేజ్ కాయిల్‌లో ఏ రెండు వైర్ల మధ్య చూసినా నిరోధం 1 ఓం కన్నా తక్కువే ఉంటుంది. మామూలు మీటరు ప్రోబులు తాకిస్తేనే 0.3, 0.4 ఓం చూపిస్తాయి, దాన్ని తీసివేయాలి. అంత చిన్న కొలతతో లోపల నాలుగు చుట్లు షార్టయ్యాయో లేదో చెప్పడం సాధ్యం కాదు. నిరోధం సరిగ్గా ఉన్నంత మాత్రాన కాయిల్ బాగున్నట్టు కాదు. ఎర్త్‌కు తగులుతుంటే మాత్రం పోయినట్టే.

నమ్మదగింది ఏసీ కొలత. కప్లర్ విప్పి, ఇంజిన్ నడుపుతూ, మీటరును ఏసీలో పెట్టి మూడు జతలూ ఒకే స్పీడులో కొలవాలి. అసలు అంకె బండిని బట్టి మారుతుంది. మూడూ సమానంగా ఉండటం, స్పీడుతో పెరగడం ముఖ్యం. వైర్లకు క, ఖ, గ అని పేర్లు పెట్టుకుందాం. ఖ–గ మధ్య 22, క–ఖ మధ్య 17, క–గ మధ్య 17 వచ్చాయి. తక్కువ వచ్చిన రెండు జతల్లోనూ ఉన్నది ‘క’. స్టార్ పద్ధతిలో (మూడు ఫేజుల ఒక్కో కొననూ మధ్యలో కలిపి) చుట్టిన కాయిల్‌లో ఒక ఫేజు దెబ్బతింటే ఇలా రెండు కొలతలు పడిపోతాయి. మూడూ సమానంగా 22 ఉండి, బ్యాటరీ దగ్గర మాత్రం 12.2 ఉంటే కాయిల్ నిర్దోషి, ఆర్‌ఆర్ వైపు కదలాలి.

కాయిల్ పోతే కొత్తదా, రీవైండింగా? రెండువైపులా గట్టి అభిప్రాయాలున్నాయి. పాత బండికి ఒరిజినల్ దొరకని చోట రీవైండింగే దిక్కు. మంచి చేతి పనయితే అది బజారు నకిలీ కన్నా మేలు కూడా. చూడాల్సింది మూడు: తీగ మందం పాతదే వాడారా, చుట్లు లెక్కపెట్టి చుట్టారా, వార్నిష్ వేడికి ఆగే రకమేనా. ఇంజిన్ నూనెలో, వేడిలో కూర్చునే కాయిల్‌కు 180 డిగ్రీలు తట్టుకునే హెచ్ క్లాసు ఇన్సులేషన్ కావాలి. ఫ్యాను మోటారుకు వాడే తీగతో చుడితే ఒక్క ఎండాకాలం గడవడమే కష్టం.

‘మ్యాగ్నెట్ చార్జ్ చేయించండి’ అనే సలహాకూ ఆధారం లేకపోలేదు. పాతకాలపు ఆల్నికో అయస్కాంతాలు సుత్తి దెబ్బలకు, విప్పి చాలాకాలం ఊరికే పడేసినా బలం తగ్గుతాయి. తర్వాత వచ్చిన ఫెర్రైట్ అయస్కాంతాలు అంత తేలిగ్గా తగ్గవు. వాటిలో ఎక్కువగా జరిగేది జిగురు ఊడి ముక్క కదలడం, పగలడం. కవరు విప్పితే కంటికే కనిపిస్తుంది. మూడు జతల ఏసీ కొలతలూ సమానంగానే ఉండి, మూడూ తక్కువగా ఉంటేనే ఈ అనుమానం నిలుస్తుంది.

ఆర్‌ఆర్ యూనిట్: మీటరు సగమే చెబుతుంది

మల్టీమీటరు డయోడు గుర్తులో పెట్టి, ఎర్ర ప్రోబు పసుపు వైరు మీద, నల్ల ప్రోబు ఎర్ర వైరు పిన్ను మీద ఉంచితే 0.4 నుంచి 0.7 మధ్య చూపాలి. ప్రోబులు మారిస్తే ఏమీ చూపకూడదు. మూడు పసుపు వైర్లకూ ఇదే. రెండువైపులా సున్నా దగ్గర చూపితే డయోడు షార్టు, రెండువైపులా ఏమీ చూపకపోతే తెగింది.

కానీ ఇది డయోడ్లకే. వోల్టేజీని హద్దులో పెట్టే భాగం ఈ టెస్టుకు దొరకదు. స్ప్లెండర్ రకం నాలుగు పిన్నుల యూనిట్‌లో చార్జింగ్ కరెంటు వెళ్లేదే ఎస్‌సీఆర్ (సంకేతం అందితేనే కరెంటును వదిలే స్విచ్చి లాంటి భాగం) గుండా, కాబట్టి రెండువైపులా ఏమీ చూపకపోయినా అది పాడైనట్టు కాదు. అక్కడ నమ్మదగిన పద్ధతి ఒకటే: తెల్ల వైరులో ఏసీ ఉంది, ఆకుపచ్చ ఎర్త్ గట్టిగా ఉంది, ఎర్ర వైరు బ్యాటరీ దాకా బాగుంది అని తేల్చుకుని, అప్పుడు పనిచేస్తుందని తెలిసిన మరో యూనిట్ పెట్టి చూడటం.

పాత యూనిట్లలో ఎక్కువ షంట్ రకం. వోల్టేజీ హద్దు దాటగానే అవి మిగులు కరెంటును కాయిల్‌కే షార్టు చేసి తిప్పేస్తాయి. లైట్లు ఆపి నడిపినా కాయిల్ మీద భారం తగ్గదు. సిరీస్ రకం అవసరం లేనప్పుడు సర్క్యూటును విప్పేస్తుంది, కాయిల్ చల్లగా ఉంటుంది. మరి అన్నీ సిరీస్ ఎందుకు పెట్టరు? ధర ఎక్కువ, పైగా విప్పినప్పుడు కాయిల్ వోల్టేజీ బాగా ఎగబాకుతుంది. పాతబడిన ఇన్సులేషన్ దాన్ని తట్టుకోవాలి. కాయిళ్లు పదేపదే కాలే త్రీ ఫేజ్ బండికి సిరీస్ అర్థవంతం. ఏ ఇబ్బందీ లేని బండికి మార్చి సాధించేది పెద్దగా లేదు.

బుల్లెట్ హెడ్‌లైట్ పక్కన ముల్లు

పాత బుల్లెట్ తలమీద ఆమ్మీటరు, అంటే కరెంటు ఎటు, ఎంత పారుతోందో చూపే మీటరు ఉంటుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. తాళం ఆన్ చేసి కిక్‌ను మెల్లగా నొక్కుతూ పోతే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. ముల్లు మధ్యకు రాగానే డీకంప్రెసర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్) పట్టి కాస్త ముందుకు తోసి కిక్ కొట్టడం పాత బుల్లెట్ విద్య. ముల్లు అసలు కదలకపోతే బ్యాటరీ, ఫ్యూజు, పాయింట్లు, వీటిలో ఒకటి లేనట్టే.

స్టార్టయిన వెంటనే కాస్త రేజ్ చేస్తే ముల్లు ప్లస్ వైపు పోయి, బ్యాటరీ నిండేకొద్దీ మెల్లగా మధ్యకు చేరుతుంది. ‘ముల్లు మధ్యలోనే ఉంది, చార్జింగ్ లేదు’ అని కంగారుపడి కాయిల్ విప్పించేవాళ్లున్నారు. నిండిన బ్యాటరీకి ముల్లు మధ్యలోనే ఉండాలి. నడుస్తున్నప్పుడు, హెడ్‌లైటు లేకుండా కూడా, మైనస్‌లోనే ఉంటే అప్పుడు కంగారుపడాలి.

తాళం ఆపడం మర్చిపోతే? పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ ఆగి ఉంటే ఇగ్నిషన్ కాయిల్ గుండా కరెంటు పారుతూనే ఉంటుంది. కాయిల్ నిరోధం 3.5 ఓం అనుకుంటే 12ను 3.5తో భాగించి సుమారు 3.4 ఆంపియర్లు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గంటన్నరలో ఖతం, కాయిల్ కూడా కాగి కూర్చుంటుంది. టీ తాగడానికి ఆగిన చోటే బండి చచ్చిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. మొత్తం కరెంటు ఆ మీటరు గుండానే వెళ్తుంది కాబట్టి, దాని వెనక నట్టు వణుకుడుకు వదులైనా బండి మొత్తం చీకటే.

ఫుల్ డీసీ, ఎల్ఈడీ, ఫాగ్ ల్యాంపులు: లెక్క కుదిరితేనే

ఏసీ హెడ్‌లైటు ఉన్న పాత బండిని ‘ఫుల్ డీసీ’ చేయించడం, అంటే హెడ్‌లైటును కూడా బ్యాటరీ మీదికి మార్పించడం ఇప్పుడు బాగా నడుస్తోంది. అనుకూలంగా చెప్పేవాళ్ల మాట నిజమే: ఐడిల్‌లో కూడా లైటు తగ్గదు, ఎల్ఈడీ మినుకుమినుకుమనదు, తరంగంలో రెండు సగాలూ వాడుకోవచ్చు. వద్దనేవాళ్లదీ నిజమే: కాయిల్ ఇవ్వగలిగిన వాట్లు అవే, ఇప్పటిదాకా బ్యాటరీ జోలికి రాని హెడ్‌లైటు ఇప్పుడు దాని నెత్తినెక్కుతుంది.

ఊరి సిగ్నళ్ల దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. హెడ్‌లైటు 35 వాట్లు, టెయిల్ 5, బ్రేకు 21, ఇండికేటర్లు కొట్టుకుంటూ సగటున 10. మొత్తం 71 వాట్లు. 12.5 వోల్టుల దగ్గర ఇది 5.7 ఆంపియర్లు. ఐడిల్‌లో కాయిల్ 3 ఆంపియర్లు ఇస్తుందనుకుంటే లోటు 2.7. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేలోపు ఇలా 20 నిమిషాలు నిలబడితే 0.9 ఆంపియర్ అవర్లు బ్యాటరీ లోంచి పోయినట్టు. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు అయిదో వంతు, 2.5 దాంట్లో మూడో వంతు పైనే. హెడ్‌లైటు 35 నుంచి 12 వాట్ల ఎల్ఈడీకి మారితే మొత్తం 48 వాట్లు, 3.8 ఆంపియర్లు. లోటు 0.8కి దిగుతుంది, రోడ్డెక్కగానే తీరిపోతుంది. అదే బండికి 55 వాట్ల హాలోజెన్ ఫాగ్ ల్యాంపులు రెండు తగిలిస్తే వాటికే దాదాపు 9 ఆంపియర్లు. చిన్న బండి కాయిల్ ఎంత తిప్పినా అంత ఇవ్వదు.

మార్పిడిలో ఒక సాంకేతిక మెలిక ఉంది. కాయిల్ ఎర్త్ కొన విప్పి, బాడీ నుంచి వేరుచేసి, రెండు కొనలనూ ఫుల్‌వేవ్ (తరంగంలో రెండు సగాలూ వాడుకునే) ఆర్‌ఆర్‌కు ఇవ్వాలి. ఆ కొనను ఎర్త్‌లోనే ఉంచి కొత్త ఆర్‌ఆర్ తగిలిస్తే తరంగంలో సగభాగం ఒక డయోడు గుండా కాయిల్‌ను షార్టు చేస్తుంది. లైటు వెలుగుతుంది, వేసినవాళ్లు సంతోషిస్తారు, కాయిల్ కొన్ని వారాలు మౌనంగా కాగి కాగి నల్లబడుతుంది.

లిథియం బ్యాటరీ వేద్దామనుకునేవాళ్లకు కూడా ఇదే మీటరు ముందు కావాలి. ఆ బ్యాటరీలు సుమారు 14.6 దాటి ఒప్పుకోవు. పాత ఆర్‌ఆర్ పైస్థాయిలో 15 చూపిస్తుంటే సీసం బ్యాటరీ కొంతకాలం ఓర్చుకుంటుంది, లిథియం ఓర్చుకోదు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ‘బండి ఆగకపోతే చార్జింగ్ ఉన్నట్టే’ అనే టెస్టు ఇప్పటికీ కొన్ని షెడ్లలో కనిపిస్తుంది. డైనమోల కాలంలో పుట్టిన అలవాటు అది. మ్యాగ్నెటోలో ఇగ్నిషన్‌కు విడిగా కాయిల్ ఉన్న కిక్ బండి బ్యాటరీ లేకుండా ఎలాగూ నడుస్తుంది, కాబట్టి టెస్టు ఏమీ చెప్పదు. డీసీ సీడీఐ (బ్యాటరీ కరెంటుతో స్పార్క్ ఇచ్చే యూనిట్) ఉన్న బండిలో బ్యాటరీ తీయగానే వోల్టేజీ ఎగిరి పడుతుంది, దాంతో బల్బులు, సీడీఐ రెండూ ఒకేసారి పోవచ్చు.